గడ్డిదూడ

11 జూన్ 2006, ఆదివారం

యూనివర్సిటీలో కలిసి చదివినవాళ్ల ఈమెయిల్ గ్రూపులో నేను పెట్టిన ఫోటోకి ఇవాళ తొమ్మిది జవాబులు వచ్చాయి. మాకు పాలు పోసే లక్ష్మమ్మ వాళ్ల ఎనుము, అదే గేదె, తన దూడను నాకుతున్న ఫోటో అది. సుజాత రాసింది: "ఏడిపించినావు కదే! నెలగా నాతో మాట్లాడని మా పాప దీన్ని చూసి వచ్చి నా పక్కన కూర్చున్యాది."

ఆ దూడ పుట్టిన మూడో రోజే చచ్చిపోయింది. దాని తోలులో గడ్డి కూరి, కుట్టి, పాలు పిండేటప్పుడు ఎనుము ముందు నిలబెడతారు. లేకుంటే అది పాలు చేపదు. ఫోటో తీసేటప్పుడు నాకు ఈ సంగతి తెలుసు. మొదటి ఫోటోలో కుట్లు కనిపించాయని రెండోదానికి నేనే పక్కకు జరిగాను. అబద్ధం చెప్పాలని కాదు. మరి ఎందుకో?

సాయంత్రం లక్ష్మమ్మ ఊరు బుక్కరాయసముద్రం పోయి, అది గడ్డిదూడ అని ఎనుముకు నిజంగా తెలియదా అని ఆమెను అడిగాను.

"తెల్దనుకున్యావా అక్కా? నాలుగు దినాలు వాసన చూసి మొగం తిప్పుకున్యాది. ఇప్పుడు గడ్డిదూడను తెచ్చేది రోంత ఆలస్యమైతే అరుస్తాండాది. ఎందుకో దాన్నే అడుగుపో, నన్నేం అడుగుతావు!" అని నవ్వింది.

తెలిసే నాకుతోందా? అయితే సుజాతకు చెప్పినా ఆ ఫోటో ఉంచుకుంటుందేమో. చెబితే ఆ పిల్ల మళ్లీ లేచి వెళ్లిపోతుందేమో. కుట్లు కనిపించే ఫోటోను మెయిల్‌కు జతచేసి, సుజాత పేరు కూడా రాశాను. ఇంకా పంపలేదు.