ఆసుపత్రిలో ఆగిన బస్సు

జూలై 14, సోమవారం

మా 'ఎక్కడుంది' యాప్‌కు నేటితో నెల నిండింది. చరిత్రకారులు గమనించగలరు. బస్సెక్కినవాడు 'ఎక్కాను' నొక్కాలి — ఇక వాడి ఫోనే బస్సు. దిగేటప్పుడు 'దిగాను' నొక్కాలి. మధ్యలో వాడు ఎటు పోతే పటంలో చుక్క అటే.

ఏడూ నలభై బస్సుకు రోజూ మెర్సీయే చుక్క. సాయంత్రం తిరుగు బస్సుకూ అంతే. మా కాలేజీ మందలో సికింద్రాబాద్ మొదటి స్టాపులో ఎక్కేది తనొక్కతే. మల్కాజ్‌గిరి వాళ్ళం, కాప్రా వాళ్ళం — ఆమె చుక్క చూసుకుని షూ లేసులు కట్టుకునే జనం. యాప్ సగం నేను రాశాను, సగం తను. పనిచేసే సగం తనది.

జూలై 16

ఎవడో 'దిగాను' నొక్కడం మరిచాడు. బస్సు కాప్రాలో ఒకరింట్లోకి దూరి మూడు గంటలు బయటికి రాలేదు. గ్రూపులో పెట్టాను — "బస్సు భోజనం చేస్తోంది. ఎదురుచూడవద్దు." నవ్వులే నవ్వులు.

మెర్సీ నవ్వలేదు. "రోడ్డు దిగిన ఫోన్ని కట్ చెయ్యి చందూ. ఎవరిల్లు వాళ్ళది." పదకొండు లైన్ల కోడు, అంతే. చేస్తానన్నాను.

జూలై 21

చెయ్యలేదు. ఇంత హాస్యాన్ని ఎవరు చంపుకుంటారు?

జూలై 24, గురువారం

సాయంత్రం బస్సు ఆసుపత్రిలోకి వెళ్ళింది. గేటు దాటి, వెనక బిల్డింగు దగ్గర ఆగింది. గంటన్నర. కదలదు.

పటం ఫొటో తీసి ప్రకటన జారీ చేశాను: "మన బస్సుకు ఒంట్లో బాగాలేదు. అడ్మిట్ చేశారు. పరామర్శకు వచ్చేవారు టికెట్ తీసుకోగలరు."

శ్రీకాంత్ గాడు — "ఏందిరా గిట్ల నవ్విస్తవ్, ఇంట్ల అందరు నన్నే చూస్తున్నరు."

కాసేపటికి కెజియా మెసేజ్. మెర్సీ చెల్లెలు, ఇంటర్ రెండో సంవత్సరం, తన ఫోన్లోనూ మా యాప్ ఉంది. "చందన్నా, అక్క ఇంకా మీ ఇంట్లోనే ప్రాజెక్ట్ చేస్తోందా?"

నా జవాబు, యథాతథంగా: "ఇక్కడెక్కడిదమ్మా. ఈ పూట బస్సే మీ అక్క. పటంలో వెతుక్కో."

పంపాను. టీ తాగాను. అప్పటికీ తట్టలేదు. చుక్కంటే బస్సు అనుకున్నాను… మనిషి అనుకోలేదు.

జూలై 25

ఏడూ నలభై పటంలో లేదు. మెర్సీ రాలేదు.

పదింటికి తనే ఫోన్ చేసింది. అరవలేదు. గుర్తున్నంత వరకు —

"అమ్మకి రొమ్ములో గడ్డ. ఆ ఆసుపత్రిలోనే చేర్చాం."

"కెజియాకి ఒంగోల్లో టీచర్ల ట్రైనింగ్ అని చెప్పాం. అమ్మ రోజూ ఫోన్లో దానికి ట్రైనింగ్ కబుర్లు అల్లి చెప్పేది."

"దానికి నేనే చెప్తాను, నా నోటితో, అంది అమ్మ. ఎవర్నీ చెప్పనివ్వలేదు."

"అది ఒక్కతే ఆటో ఎక్కి వచ్చేసింది చందూ. అమ్మ తలకి ఏమీ కట్టుకోలేదు అప్పుడు. జుట్టు లేదు."

సారీ అన్నాను. ఆ మాట నా నోట్లో ఎప్పుడూ జోకుకు ముందే వస్తుంది కాబట్టి మెర్సీ కాసేపు ఆగింది — జోకు కోసమేమో.

"కావాలని చేసుంటే తిట్టేదాన్ని" అని పెట్టేసింది.

పదకొండు లైన్లు రాశాను. ఇరవై నిమిషాలు పట్టింది.

జూలై 29

మెర్సీ తన ఫోన్లో యాప్ తీసేసింది. మొదటి స్టాపులో నొక్కే చెయ్యి లేదు. ఎక్కినవాళ్ళు ఇంకెవరో నొక్కుతారని చూస్తారు. ఎవరూ నొక్కరు. ఏడుంది రా బస్సు, అని నాకే ఫోన్లు.

ఆగస్టు 4

మల్కాజ్‌గిరి నుంచి వెనక్కి సికింద్రాబాద్ పోయి, అక్కడ ఎక్కి, నొక్కుతున్నాను. నాలుగైదు రోజుల నుంచి.

అమ్మ — "ముందలికి పోయే బస్సుకు ఎనకకు పోతవేందిరా? జెర దిమాక్ పెట్టు." పెట్టాను కనకే పోతున్నానని చెప్పలేదు.

మెర్సీ ముందే వచ్చి ఆడవాళ్ళ సీట్లో కిటికీ పక్కన కూర్చుంటుంది. వెనక్కి తిరగదు. కాప్రా దాటేదాకా జడ చూశాను. మంచి జోకొకటి తట్టింది. మింగాను.

ఆగస్టు 8

కెజియా: "సోమవారం ఆపరేషన్. అమ్మ నిన్ను ఒకసారి రమ్మంది. అక్కకి చెప్పలేదు."

ఆగస్టు 9, శనివారం

వెళ్ళాను. ఆంటీ తలకు నీలం స్కార్ఫు. సగమైపోయింది మనిషి.

"రా నాన్నా. నీ బస్సు జోకు కెజియా చూపించింది. నాకు నవ్వొచ్చింది, ఏం చెయ్యను." నాకు రాలేదు.

దిండు కింద నుంచి నోటుబుక్కు తీసింది. స్కూలు పిల్లలది, నాలుగు గీతల కాపీ. "దానికి ఎలా చెప్పాలో రాసుకున్నాను. రాయడం, కొట్టెయ్యడం. ముప్పయ్యేళ్ళు పిల్లల వ్యాసాలు దిద్దాను, నాది నాకు కుదర్లేదు."

"ఆంటీ, నేను—"

"ఇప్పుడు దానికి అక్కర్లేదు. ఎవరికో ఒకరికి చదవాలి కదా. కూర్చో."

కూర్చున్నాను. ఉన్నది ఒకటే కుర్చీ. ఆంటీ కళ్ళజోడు పెట్టుకుని, క్లాసులో చదివినట్టు —

"కెజియా, ముందు అన్నం తిన్నావా?"

అక్కడే ఆగింది. తరువాతి లైన్ మీద వేలు పెట్టింది. చదవలేదు. నేను నేల వైపు చూస్తూ ఉన్నాను.

గుమ్మంలో మెర్సీ. చేతిలో ఫ్లాస్కు. ఎంతసేపటి నుంచి నిలబడిందో.

"ఎప్పుడొచ్చాడు?" అని అడిగింది. నన్ను కాదు.

ఆంటీ నోటుబుక్కు మూసింది.

నేను లేచాను, కుర్చీ మెర్సీ వైపు జరిపాను.

తను కూర్చోలేదు.