తట్టకో టిక్కెట్టు

గంగమ్మపాలెం,
14-9-1979

చిరంజీవి చిలకమ్మకి మీ అమ్మ గంగాలమ్మ దీవించి రాస్తున్నది. నువ్వూ, చంటిదీ వేళకి తింటున్నారని తలుస్తాను. మీ నాన్నకి దగ్గు తగ్గింది. మళ్లీ సముద్రం మీద వేటకి వెళ్తున్నాడు.

మన ఊరి నుంచి పట్నంలో సీతమ్మధారకి చేపల తట్ట నెత్తిన పెట్టుకుని నడిస్తే మూడు గంటలు. నువ్వూ నాతో నడిచినదానివే. చేరేసరికి ఎండెక్కి చేప మెత్తబడుతుంది. కొనేవాళ్లు అడిగినంతకే ఇచ్చి రావాలి. ఇప్పుడు ఊరికి ప్రైవేటు బస్సు వస్తోంది. గుమ్మడికాయలు ఎక్కుతాయి, కోళ్లు ఎక్కుతాయి. మన తట్టలు మాత్రం ఎక్కనివ్వరు. నీళ్లు కారతాయట. అది నిజమే. అందుకని ఇరవైమందిమి వెదురు తట్టలు మానేసి అడుగు కారని రేకు తట్టలు కొన్నాం. అయినా ఎక్కనివ్వలేదు.

సోమవారం పొద్దున్నే బస్సు ముందు తట్టలు వరసగా పెట్టి కూర్చున్నాం. కండక్టరు దిగి వచ్చి, నన్ను చూసి ఆగిపోయాడు. నేను కొంగు ముఖం మీదికి లాక్కుని పక్కకి తిరిగాను. చెప్పవలసినదంతా పక్కన కూర్చున్న పోతమ్మకి చెప్పాను, పోతమ్మ అతనికి చెప్పింది. అతనూ నన్ను లేవమని పోతమ్మతోనే చెప్పించాడు. మా మధ్య బారెడు దూరం లేదు. మాటలు మోసి మోసి పోతమ్మ విసిగిపోయి, దీనికేమైనా కూలిస్తారా అని అడిగింది. ఆడవాళ్లంతా నవ్వారు.

బస్సులో ఒక టీచరమ్మ ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని, ఆలస్యమవుతోందని కేకలేసింది. చేపల పులుసు తినేటప్పుడూ ఆ రుమాలు తియ్యరా అని మాలోని తవిటమ్మ అడిగింది.

చివరికి బస్సు యజమాని అచ్యుతరామయ్యగారు జీపులో వచ్చారు. పోలీసుల్ని పిలుస్తానన్నారు. ఆయనతో మాత్రం నేనే లేచి మాట్లాడాను.

"బాబూ, తట్ట ఎత్తి అడుగు సూడండి. సుక్క కారితే నానే అందర్నీ లేపుకుని ఎల్లిపోతాను. కారకపోతే మనిషికో టిక్కెట్టు, తట్టకో టిక్కెట్టు సింపమనండి. ఊరికే ఎక్కించమని మేం అడగటం లేదు."

ఆయన నా తట్ట స్వయంగా ఎత్తి, అడుగున అరచెయ్యి రాసి చూశారు. చెయ్యి పొడిగానే ఉంది. ఇంకో తట్ట ఎత్తారు. మరొకటి ఎత్తారు. తరవాత ఎక్కించమన్నారు.

ఆ పూట ఆలస్యమైంది గాని, మర్నాటి నుంచి ఏడున్నరకే సీతమ్మధారలో దిగుతున్నాం. చేప గట్టిగా ఉంటోంది. ధర మేం చెబుతున్నాం. తొమ్మిదికల్లా తట్టలు ఖాళీ. వచ్చేటప్పుడూ బస్సులోనే. కిటికీ పక్క సీటు తవిటమ్మ ఎవరికీ ఇవ్వటం లేదు.

దీవెనలతో,
మీ అమ్మ
గంగాలమ్మ

మరో మాట: ఆ కండక్టరు మీ ఆయనే. ఈ నెల అతన్ని మా రూటులో వేశారని నువ్వు రాయలేదు. అత్త అల్లుడితో ఎదురుపడి మాట్లాడకూడదు గనక పోతమ్మని మధ్యన పెట్టుకున్నాను. అతని ఉద్యోగం పోతుందేమోనని నాకూ భయం వేసింది. అయినా లేవలేదు. ఇంట్లో అలిగి కూర్చుంటే బతిమాలి అన్నం పెట్టు. నా తరఫున క్షమాపణ మాత్రం చెప్పకు.