గౌను మరీ బాగుంది

అక్కకు,

తమ్ముడు నమస్కరించి రాస్తున్నాను. ఇక్కడ మేమూ, నా కుట్టుమిషనూ కులాసాయే. బావ లారీ మీదా, నువ్వూ పాపా ఇంట్లోనూ చల్లగా ఉన్నారనుకుంటాను.

మావాడి చదువెలా ఉందని అడిగావు. పెద్ద బడిలో చదువు కన్నా ఫొటోలు ఎక్కువయ్యాయి. బడివాళ్లు అచ్చు వేసిన రంగుల పుస్తకంలో ఏ పేజీ తిప్పినా వాడే. ఈతకొలను పక్కన వాడే, గుర్రం పక్కన వాడే. నీళ్లంటే వాడికి హడలు, గుర్రమంటే ఇంకా హడలు. అన్ని రకాల ఇళ్ల పిల్లలూ తమ దగ్గర ఉన్నారని లోకానికి చూపించాలట. మామూలు ఇంటి పిల్లాడు వీడొక్కడే కాబట్టి పాపం అన్నిచోట్లా వీడే నిలబడాలి.

నన్నూ వదల్లేదు. కొత్త పిల్లల్ని ఎంచే కమిటీలో 'మామూలు కుటుంబాల ప్రతినిధి'గా కూర్చోబెట్టారని రాశాను కదా. ఒకపక్క డాక్టరుగారు, ఒకపక్క లాయరుగారు, మధ్యలో దర్జీని నేను. కిటికీ తెరల దగ్గర్నుంచి దేవుడి దాకా "మీవాళ్లు ఏమనుకుంటారండీ?" అని అడుగుతారు. ఆ మావాళ్లెవరో నాకే తెలీదు. తల ఊపుతాను. మానేస్తానంటే ప్రిన్సిపాలమ్మ నవ్వుతూనే, "మీరు ఈ కుర్చీలో ఉన్నన్నాళ్లూ మీ అబ్బాయి సీటుకి ఢోకా లేదు" అంది. మళ్లీ వెళ్లి కూర్చున్నాను.

పాపకి సీటెందుకు రాలేదు, అక్కడే ఉండి నువ్వేం చేశావు అని నిలదీశావు. ఇన్నాళ్లూ నాన్చాను. చెప్పేస్తున్నాను, ఎంత కావాలంటే అంత తిట్టు.

కమిటీ ముందు పాప అన్నిటికీ గలగలా జవాబులు చెప్పింది. అది బయటికి వెళ్లగానే లాయరుగారు పెదవి విరిచాడు.

"మామూలు ఇళ్లకి ఈ ఏడు ఉన్నది ఒక్క సీటు. నాన్న లారీ డ్రైవరంటున్నారు గానీ, ఆ గౌను చూశారా? ఆ కుచ్చులేంటి, ఆ కాలరేంటి! ఉన్నవాళ్లేనండీ."

డాక్టరుగారు నావైపు తిరిగాడు. "మీ పనే కదా, మీరు చెప్పండి. ఖరీదైన కుట్టేనా?"

మిగిలిపోయిన ముక్కలతో నేను కుట్టిన గౌను అక్కా అది! ఆ మాటంటే చుట్టరికం బయటపడుతుంది. కమిటీవాళ్ల బంధువులకి సీటివ్వరు. అనకపోతే పాప ఉన్నవాళ్ల పిల్ల అయిపోతుంది. ఎటూ కదల్లేక "మంచి కుట్టేనండీ" అన్నాను. దాని సీటు నా నోటితోనే పోగొట్టాను. పైగా పని మెచ్చుకున్నారని లోపల కాస్త పొంగిపోయాను కూడా. సిగ్గుగా ఉంది.

తర్వాత మావాళ్ల తరఫునంటూ బతిమాలితే ఇంకోసారి చూస్తామన్నారు. వచ్చే వారం పాపని తీసుకురా. ప్రిన్సిపాలమ్మ నన్ను పక్కకి పిలిచి, "ఈసారి ముస్తాబు వద్దని ఆ తల్లికి మీరే నచ్చచెప్పండి. ఇంట్లో వేసే పాతబట్టలు చాలు. కాస్త చిరిగున్నా పర్లేదు, అదే నయం" అంది. అలవాటుగా తల ఊపేశాను.

ఇంటికొచ్చాక తట్టింది. మోచేయి చిరిగిందనీ, అంచు ఊడిందనీ నువ్వు పంపిన ప్రతి గౌనూ బాగుచేసి తిప్పి పంపేశాను. పాప దగ్గర చిరిగిన బట్ట ఒక్కటీ లేదు. పుట్టిన దగ్గర్నుంచీ ఉండనివ్వలేదు నేను. ఇప్పుడు నా చేత్తో చింపమంటావా, అక్కా?

ఇట్లు,
నీ జవాబు కోసం ఎదురుచూసే
తమ్ముడు