కుండ ఉడికే చోటే ఊరు

చెల్లీ మేబెల్, దేవుడి దయవల్ల తిరుగుతూనే ఉన్నాను, బెంగపడకు.

ఈ ఇల్లు పడగొడతారని చెప్పాగా. ధర్మసత్రంలో గది అడిగితే, మా బరోలో, అంటే ఈ పట్టణం హద్దుల్లో, కాపురమున్న ముసలాళ్ళకే ఇస్తామన్నారు. బరో పొలిమేర నా ఇంటి నడిమధ్యన పోతోందాయె! వంటిల్లు లోపల, మంచం బయట. నిద్ర పడితే ఒట్టు. మొన్న పొలిమేర రాళ్ళని కర్రలతో కొట్టే పండక్కి మేయరుగారూ జనమూ వచ్చి, హద్దు గీత తప్పకూడదని ఎప్పట్లాగే నా వంటింటి కిటికీలోంచి దూరారు. ఆయన్ని పట్టుకుని గది సంగతి అడిగేశాను.

"పడుకునేది బయటేగా మామ్మా" అని ఆయన వెంట వచ్చిన గుమాస్తా నసిగాడు.

మేయరుగారు నవ్వి, "బరో అంటే పూర్వం కోటగోడ కట్టిన ఊరయ్యా. మన ఊళ్ళో గోడ లోపల ఎవరి కుండ ఉడికితే వాళ్ళకే ఓటుండేది. ఈవిడ కుండ చూడు, పొంగిపోతోంది!" అన్నారు. నా బఠాణీల పులుసు సగం పొయ్యి పాలు. గది మాత్రం ఇచ్చారు. గోడ ఎప్పుడో కూలినా మాట నిలిచింది, చూశావా.

మీ ఆయన దగ్గు తగ్గిందా? ఉన్ని మేజోళ్ళు పంపు. ఆ గదిలో పొయ్యి ఉందో లేదో అడగడం మరిచాను, అదొక్కటే దిగులు. మనవలకు ముద్దులు.

మీ అక్క డోర్కాస్