తమ్ముడి మోకాలు

చెల్లికి దీవెనలు. తమ్ముడింటికి క్షేమంగా చేరాను. ఈ కార్డు అమ్మకి చదివి వినిపించకు, నువ్వే చదువుకో.

మోకాలు వంగడం లేదని, అందుకే అమ్మని చూడటానికి రాలేకపోతున్నానని రెండేళ్లుగా రాస్తున్న మన తమ్ముడు రోజూ పొద్దున్నే పది కిలోమీటర్లు పరుగెడుతున్నాడు. ఆదివారం పందెమట. చూపు ఆనకపోయినా అమ్మ తడుముకుంటూ అల్లి పంపిన ఉన్ని పట్టీ మోకాలికి తొడుక్కునే లోపలికొచ్చాడు.

"ఇది భలే పనికొచ్చింది పెద్దక్కా, ఎంత పరుగెత్తినా జారదు" అన్నాడు.

"మరి అమ్మ దగ్గరికి?" అన్నాను.

"పందెం అయిపోనీ, చూద్దాం. ఇప్పుడు ప్రయాణాలు చేస్తే కాళ్లు పట్టేస్తాయి. నువ్వూ ఉండు, చప్పట్లు కొట్టేవాళ్లు కావాలిగా."

చెమట తుడుచుకోమని తువ్వాలు అందించాను.

అమ్మ కంటి చుక్కలు అయిపోకముందే తెప్పించు. వెనక గది కిటికీ రెక్క బాగుచేయించావా?

అమ్మ ఇంకా వాడి మోకాలి కోసం ప్రార్థిస్తుంటే, దేవుడు విన్నాడని చెప్పు. పూర్తిగా నయమైందని చెప్పు, అది అబద్ధం కాదు. ఎప్పుడొస్తాడని అడుగుతుంది. శనివారం నేను వస్తున్నానని చెప్పు.

నీ ఓపికని దేవుడు కాపాడాలి.

అక్క