విభూతి పెట్టిన సోలార్ ప్లేటు

బట్లహళ్ళి

అమ్మా నేత్రా,

నీ దగ్గు తగ్గిందా? మీ అమ్మ మోకాళ్ళు ఎట్లుండాయి? మీ నాయన బీపీ మాత్ర మరవకుండా మింగుతాండాడా?

మీ ల్యాబులో చేసి, పరీక్షకని మన మిద్దె మీద బిగించినావే, ఆ సోలార్ ప్లేటు కరెంటు తక్కువ ఇస్తాందని మొన్న అంటివి. మీ నాయన నవ్వుతాడని ఫోన్లో చెప్పలేదు. ఆయుధ పూజ నాడు మోటారుకు, ట్రాక్టరుకు పెట్టినట్టే దానికీ విభూతి పట్టెలు పెట్టినాను. నీ చదువుది కదా అని ఇంకొంచెం దట్టంగానే పెట్టినాను. తుడుద్దామంటే, పైపూత వెంట్రుకకన్నా సన్నం, రుద్దితే పోతాదని నువ్వే చెప్పింటివి. వాన కూడా పడలేదు.

తప్పు ప్లేటుది కాదమ్మా. అది పనికిరాదని మీ సారుకు రాయొద్దు. నువ్వే వచ్చి తుడువు, దేవునికి నేను చెప్పుకుంటా. అనుకున్నట్టే పన్నెండో తేదీ, ఆదివారం, పొద్దున బస్సుకే రా.

మీ అవ్వ