మంజీర ఒడ్డు మట్టి

నాకు అబద్ధం చెప్పావు, యాదగిరీ. ఏటి ఒడ్డు మట్టి అడిగితే మెరక చేను మట్టి సంచిలో నింపి పంపావు.

అమ్మ మోకాళ్ళ నొప్పి ఎలా ఉంది, పిల్లలు బడికి పోతున్నారా, నీ దగ్గు తగ్గిందా అని ముందు అడగాలని తెలుసు. అడుగుతున్నాను. ఇక్కడ నేను బాగానే ఉన్నాను, బెంగపడకండి.

సంచి అందిన రోజు అమీర్‌పేటలో ఒకటే వాన. హాస్టల్ గదిలో పాత పేపర్లు పరిచి మట్టి ఆరబోశాను. కోచింగ్ కోసం కాకినాడ నుంచి వచ్చిన పక్క మంచం పిల్ల, "ఏంటి ఆంటీ, అందరికీ ఊరి నుంచి పచ్చళ్ళొస్తే మీకు మట్టొచ్చిందా?" అని నవ్వింది. నేనూ నవ్వాను. కొంచెం తడిపి వేళ్ళ మధ్య రుద్దగానే ఆ నవ్వు పోయింది. ఒండ్రు పిండిలా జారుతుంది. ఇది గరగరలాడింది. మెరకన ఉండే ఎర్ర చెల్క నేలది!

ఏటి ఒడ్డు నేల గడ్డి కింద ఎలా ఉంటుంది, కూరగాయలు వేస్తే ఏమవుతుంది, తవ్వితే ఏమవుతుంది? టీచరు ఉద్యోగానికి సెలవు పెట్టి, ఈ వయసులో నేను చేస్తున్న పరిశోధన ఇదే. గుర్తుపట్టకపోతే నీ అబద్ధం నా పేరు మీద అచ్చయ్యేది.

నువ్వు ఫోన్ ఎత్తలేదు. నీ భార్య సుజాతకు చేశాను.

"గడ్డి ఏడుంది వదినా? ఆ జాగంతా ఇటుక బట్టీకి పోయింది. పక్కనున్న బీరతోట సుత వానలు తగ్గినంక బట్టీకే ఇస్తడంట. నీకు తెలిస్తే కొట్లాడుతవని చెల్కల మట్టి పంపిండు."

ఆమెను ఏమీ అనకు. కొట్లాడేది నేను. "పట్టా నాది, తవ్వుకుంటే తప్పేంటి" అంటావు. నువ్వుండే హాస్టల్ గోడలు ఇటుకలవి కావా అని కూడా అంటావు. ఇటుకలవే. కానీ ఏరు పట్టా చూసి పారుతుందా? గడ్డి వేళ్ళు పట్టి ఉంచిన ఒడ్డును గుంట చేస్తే, వరద ముందు కోసేది దిగువన లక్ష్మమ్మ చేనుని. ఆమెకున్నదే ఆ ముక్క. మనకు మెరకన ఇంకా ఉంది కాబట్టి నీకు భయం లేదు. దీన్ని బతకనేర్చినతనం అంటారేమో, నేను దౌర్జన్యం అంటాను.

నాతో ఇలా వాదించేవాళ్ళు కూడా ఇక్కడ లేరురా. మెట్రో కింద కోర్సుల కరపత్రాలు పంచేవాళ్ళు నా నెరిసిన జుట్టు చూసి చెయ్యి వెనక్కి తీసుకుంటారు. ఆదివారం పంజాగుట్ట దాకా నడిచి, ఇడ్లీ తిని వస్తాను. ఒక్కోసారి రోజు మొత్తంలో నేను మాట్లాడింది "ఇంకొంచెం చట్నీ" అన్న మాటే. ఆ సంచి విప్పితే మన ఒడ్డు వాసన వస్తుందని ఎంత ఎదురుచూశానో! "మేడం, జర గా మట్టి తీయుండ్రి, ఫ్యాన్ వేస్తే అన్నంల పడ్తది" అని హాస్టల్ ఆమె రోజూ అంటుంది. పారెయ్యలేకపోతున్నాను. ఎంతైనా మన చేనుదే కదా.

అమ్మకు దండాలు చెప్పు, దీవించమను. మీ అక్క భాగ్య అడుగుతున్నవి ఇవి:

బీరతోట ఇవ్వనని బట్టీవాడికి ఈ వారమే చెప్పు.

లక్ష్మమ్మ ఇంటికి నువ్వే వెళ్ళి జరిగింది చెప్పు.

గుంట అంచున మిగిలిన గడ్డి పీకకు, అక్కడ పశువుల్ని కట్టకు.

గుంట అడుగు మట్టి ఒక సంచి, బీరతోటది ఒక సంచి పంపు.

ఆదివారం ఫోన్ ఎత్తు. తిడతాను, అయినా ఎత్తు.